రిసెప్షన్ టేబుళ్లకు సెంటర్‌పీస్ ఎంపిక: హాలు కొలతల నుంచి సామాను వాపసు వరకు

పెళ్లిళ్ల కాలం దగ్గరపడిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: రిసెప్షన్‌లో భోజనాల టేబుళ్ల మధ్య ఏం పెట్టాలి, దాన్ని ఎలా ఎంచుకోవాలి? చాలామంది ఈ పనిని ఫోన్‌లో దాచుకున్న ఫోటోలతో మొదలుపెడతారు. ఆ ఫోటోల్లోని టేబుల్ మీద పులుసు కలిపిన అన్నం కంచాలు ఉండవు, పైన ఫ్యాను తిరగదు, పక్కన పిల్లలు పరుగెత్తరు. అందుకే ఈ మార్గదర్శిలో పూల మాట ఆలస్యంగా వస్తుంది. టేబుల్ కొలత, వడ్డన పద్ధతి, ఎత్తు అనే మూడూ తేలిన తర్వాత పూలు, రంగులు ఎంచుకోవడం అంత కష్టం కాదు.

1. ముందుగా హాలుకు వెళ్లి కొలుచుకోండి

హాలు మేనేజరు ఫోన్‌లో చెప్పే వివరాలను నమ్ముకోవద్దు. టేపు పట్టుకుని, వీలైతే అక్కడ మరో ఫంక్షన్ జరుగుతున్న సాయంత్రం, స్వయంగా వెళ్లండి. టేబుళ్లు వేసి ఉన్న హాలును, లైట్లు వెలుగుతున్న హాలును చూస్తేనే పనికొచ్చే సంగతులు తెలుస్తాయి.

రాసుకోవలసినవి ఇవి:

- టేబుల్ ఆకారం, అడ్డుకొలత. గుండ్రటి టేబుళ్లు సాధారణంగా నాలుగు, ఐదు, ఆరు అడుగులవి ఉంటాయి. ఐదడుగుల టేబుల్‌కు 8 మంది, ఆరడుగుల టేబుల్‌కు 10 మంది కూర్చుంటారు.
- ఆ రోజు వేసే టేబుళ్ల సంఖ్య. బఫేలో అతిథులంతా ఒకేసారి కూర్చోరు కాబట్టి 500 మందిని పిలిచినంత మాత్రాన 60 టేబుళ్లు వేయరు.
- టేబుల్ గుడ్డ రంగు, దాన్ని మార్చుకునే వీలుందో లేదో.
- సీలింగ్ ఫ్యాన్లు, పెడెస్టల్ ఫ్యాన్లు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట్లు.
- హాలు మన చేతికి వచ్చే సమయం. ఉదయం మరో పెళ్లి ఉండి సాయంత్రం నాలుగింటికి తాళం ఇస్తే, ఏడింటి రిసెప్షన్‌కు మిగిలేది మూడు గంటలే. ఎంపిక మొత్తం ఆ మూడు గంటలలో ఇమడాలి.

లైట్ల విషయం చాలామంది పట్టించుకోరు. గోడల వెంట నీలం, ఊదా రంగు లైట్లు వేసే హాలులో ఎర్ర గులాబీలు నల్లగా కనిపిస్తాయి. అలాంటి చోట లేత గులాబీ, తెలుపు రంగులు నిలుస్తాయి; ముదురు మెరూన్ చీకట్లో కలిసిపోతుంది.

2. వడ్డన పద్ధతి తేల్చుకోండి

బంతి భోజనమైతే, అంటే వరుస టేబుళ్ల మీద అరిటాకులు పరిచి వడ్డించే పద్ధతి అయితే, సెంటర్‌పీస్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ టేబుళ్లు ఇరుకుగా ఉంటాయి. ఒకవైపు అతిథి కూర్చుంటే ఎదుటి వైపు నుంచి వడ్డించేవారు గిన్నెలతో, గరిటెలతో వంగుతూ ఉంటారు. మధ్యలో ఏది పెట్టినా అది ముందు వారి చేతికి తగులుతుంది, తర్వాత సాంబారులో పడుతుంది. అలంకరణ కావాలనుకుంటే ప్రతి వరుస మొదట్లోనూ చివరలోనూ నేల మీద నిలిచే స్టాండు ఒకటి పెట్టించి, టేబుల్‌ను ఆకుకు వదిలేయండి.

బఫే అయితే కంచం, నీళ్ల సీసా, స్వీటు గిన్నె, టిష్యూలు అన్నీ అతిథే తెచ్చుకుని టేబుల్ మీద పెట్టుకుంటారు. ఖాళీ అయిన కంచాలు తీసేవారు రావడం ఆలస్యమైతే ఆ కంచాలు టేబుల్ మధ్యకే జరుగుతాయి. టేబుల్ మధ్య పెట్టే కూర్పు చుట్టూ ఆ మాత్రం చోటు వదలాలి.

టేబుల్ దగ్గరికే తెచ్చి వడ్డించే విందులో, ముఖ్యంగా వియ్యంకులకూ దగ్గరి బంధువులకూ వేసే ప్రత్యేకమైన టేబుల్ దగ్గర, కొంచెం పెద్ద కూర్పుకు అవకాశం ఉంటుంది. ఫోటోలు కూడా అక్కడే ఎక్కువగా తీస్తారు. ఖర్చు పెట్టదలచుకుంటే అక్కడ పెట్టండి.

3. వెడల్పు, ఎత్తు లెక్కించండి

కంచం, దాని అంచుకు వదిలే చోటు కలిపి సుమారు 13 అంగుళాలు. దాని ముందు నీళ్ల గ్లాసుకో, స్వీటు గిన్నెకో మరో 6 అంగుళాలు. రెండు వైపులా కలిపితే 38 అంగుళాలు పోతాయి. ఐదడుగుల టేబుల్ అంటే 60 అంగుళాలు కాబట్టి మధ్యలో మిగిలేది 22. అందులో కొంత వెసులుబాటు వదిలితే కూర్పు అడుగు భాగం 14 నుంచి 16 అంగుళాలు దాటకూడదు. ఇదే లెక్కన ఆరడుగుల టేబుల్‌కు 20 అంగుళాల దాకా సరిపోతుంది. నాలుగడుగుల టేబుల్‌కు 6 నుంచి 8 అంగుళాలే హద్దు. దానికి ఒక చిన్న గాజు సీసా, అందులో నాలుగు కాడలు చాలు.

ఎత్తు దగ్గరే ఎక్కువ కూర్పులు తప్పుతాయి. టేబుల్ ఎత్తు సుమారు 30 అంగుళాలు. కూర్చున్న మనిషి కళ్లు టేబుల్ నుంచి 15 నుంచి 18 అంగుళాల పైన ఉంటాయి. ఎదుటి మనిషి ముఖం కనపడాలంటే కూర్పు 12 అంగుళాల లోపల ఆగాలి, లేదా సన్నని కాడ మీద 24 అంగుళాల పైన మొదలవ్వాలి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నదేదైనా ముఖాలకు అడ్డం వస్తుంది, అతిథులే దాన్ని తీసి కుర్చీ కింద పెడతారు.

టేపు లేకుండా పరీక్షించాలంటే మోచేతిని టేబుల్‌కు ఆనించి పిడికిలి పైకెత్తండి. కూర్పు మణికట్టును మించకుండా ఉంటే చాలు.

ఎత్తైన స్టాండ్లు కావాలనుకునేవారు వాటిని అన్ని టేబుళ్లకూ పెట్టకుండా, వేదిక దగ్గరి రెండు వరుసలు తప్పించి, వెనక వరుసల్లో అక్కడక్కడా పెట్టాలి. ముందు వరుసలో పెడితే వెనక కూర్చున్నవారికి వధూవరులు కనిపించరు.

4. ఇంట్లో పెద్దలను ముందే అడగండి

భోజనాల టేబుల్ మీద ఏం పెట్టకూడదో డెకరేటర్ కంటే ఇంట్లో అమ్మమ్మకు బాగా తెలుసు. వినాయకుడి బొమ్మ, కలశం, తులసి మొక్క ప్రవేశద్వారం దగ్గర ఎంతో అందంగా ఉంటాయి. తినే చోట పెడితే ఎంగిలి తగులుతుందని చాలా ఇళ్లలో అభ్యంతరం చెబుతారు. కొన్ని కుటుంబాలు పూర్తిగా తెల్లపూలతో చేసిన కూర్పును శుభకార్యంలో ఇష్టపడవు. తెల్ల లిల్లీ మధ్య నాలుగు పసుపు చామంతులో, ఎర్ర గులాబీలో చేరిస్తే ఆ అభ్యంతరం సాధారణంగా తీరిపోతుంది.

నూనె దీపాల సంగతి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. ఫ్యాను గాలికి పెళ్లింట దీపాలు ఒక్కొక్కటే కొండెక్కుతుంటే పెద్దల మనసు నొచ్చుకుంటుంది. వెలుగుతూ ఉంటే పట్టుచీర కొంగుకు ప్రమాదం. బ్యాటరీతో వెలిగే చిన్న లైట్లు రెండు చిక్కులనూ తప్పిస్తాయి. అయితే వాటిలో చాలావాటికి గుండీ ఆకారపు బ్యాటరీ ఉంటుంది, దాన్ని చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నవే కొనండి. అమెరికాలో రిసెప్షన్ పెట్టుకునేవారు హాలు ఒప్పందంలో మంట గురించి రాసిన నిబంధన చదవకుండా కొవ్వొత్తులకు ఆర్డరు ఇవ్వవద్దు.

5. కూర్పు రకం ఎంచుకోండి

మన హాళ్లకు, మన భోజనాలకు నప్పేవి ప్రధానంగా నాలుగు రకాలు.

నీళ్ల ఉరులి. ఇత్తడి ఉరులిలో, అంటే వెడల్పైన, లోతు తక్కువ పాత్రలో, నీళ్లు పోసి పూలు తేల్చడం ఎత్తు సమస్యను పూర్తిగా తీరుస్తుంది. ఐదడుగుల టేబుల్‌కు పది అంగుళాల ఉరులి సరిపోతుంది. అందులో రెండంగుళాల లోతు నీళ్లు పోస్తే సుమారు రెండున్నర లీటర్లు పడతాయి. 30 టేబుళ్లకు 75 లీటర్లు, అంటే నాలుగు నీళ్ల క్యాన్లు. ఆ నీళ్లు ఎవరు మోస్తారో, ఫంక్షన్ అయ్యాక ఎక్కడ పారబోస్తారో ముందే మాట్లాడుకోవాలి. ఉరులిని టేబుల్ మీద పెట్టిన తర్వాతే జగ్గుతో నీళ్లు పోయాలి. నింపిన ఉరులిని మోసుకొస్తే గుడ్డలు తడుస్తాయి. అంచుకు ఒక అంగుళం కింద ఆపాలి. చామంతులను కాడ పూర్తిగా కోసి తేలిస్తే రాత్రంతా నిలుస్తాయి. గులాబీ రెక్కలు తొందరగా నలుపెక్కుతాయి కాబట్టి వాటిని అతిథులు రావడానికి కాస్త ముందు వేయాలి. ఇత్తడిని ముందు రోజే చింతపండుతో తోమించి, కింద గుండ్రంగా కోసిన అరిటాకు ముక్క పరిస్తే గుడ్డకు మరక అంటదు.

కాడల పూల కూర్పు. గులాబీ, గెర్బెరా, కార్నేషన్ లాంటివి చిన్న గాజు సీసాలోనో, మట్టి కుండలోనో అమర్చవచ్చు. డెకరేటర్లు ఎక్కువగా ఆకుపచ్చ ఫోమ్ దిమ్మెలు వాడతారు. దిమ్మెను నీళ్ల మీద వదిలి దానంతట అదే మునిగేదాకా ఆగాలి. చేత్తో ముంచితే లోపల గాలి చిక్కుకుని మధ్యభాగం పొడిగా ఉండిపోతుంది, ఆ భాగంలో గుచ్చిన పూలు గంటలో తలలు వాలుస్తాయి. ఒకసారి వాడిన దిమ్మెను మళ్లీ వాడకూడదు, అది మట్టిలో కలిసేదీ కాదు. దానికి బదులుగా సీసా మూతిలో సన్నటి కోళ్ల జాలీని ఉండచుట్టి దూర్చితే కాడలు కదలకుండా నిలుస్తాయి. అరటి బోదె ముక్క కూడా చక్కగా పనికొస్తుంది. ఆరంగుళాల ముక్క కోసి, అడుగు సమంగా చేసి, కాడ లేని పూలను కొబ్బరి ఈనెలతో గుచ్చితే ఆ తడికే సాయంత్రమంతా తాజాగా ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: అరటి బంక మరక గుడ్డను వదలదు. బోదె కింద తప్పనిసరిగా పళ్లెం ఉండాలి.

కుండీ మొక్కలు. వాడిపోవడం, నీళ్లు ఒలకడం అనే బెడద లేనివి ఇవే. కడియం నర్సరీల నుంచో, మీ ఊరి నర్సరీ నుంచో చిన్న కుండీలు ముందుగా తెచ్చుకుని, ముందు రోజు నీళ్లు పెట్టి, వడిసిన తర్వాత గోనెగుడ్డ చుట్టాలి. కుండీ అడుగున చీమలు ఉన్నాయేమో చూడాలి. స్వీట్ల పక్కన చీమల కుండీ పెడితే సంగతి చెప్పనక్కర్లేదు. చివరలో వాటినే బంధువులకు ఇవ్వవచ్చు.

బొమ్మలు, చేనేత. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, కింద కలంకారీ గుడ్డ ముక్క. పూలు దొరకని రోజుల్లో ఇది మంచి మార్గం. కొండపల్లి బొమ్మలను తడి తగిలేచోట పెట్టవద్దు. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి పక్కన కొవ్వొత్తి వద్దు. పిల్లలు పట్టుకుపోతారు, దానికి సిద్ధపడే పెట్టాలి.

6. పూలు: కాలం, ధర, సంఖ్య

ఆ నెలలో మార్కెట్‌లో విరివిగా దొరికే పువ్వునే ప్రధానంగా తీసుకోండి. చలికాలంలో చామంతి, వేసవిలో మల్లె, దసరా నుంచి దీపావళి దాకా బంతి పుష్కలంగా వస్తాయి. పాలీహౌస్‌లలో పెరిగే గులాబీ, గెర్బెరా ఏడాది పొడవునా దొరుకుతాయి. పుష్కలంగా దొరికినంత మాత్రాన చౌకగా ఉంటాయని కాదు. శ్రావణ శుక్రవారాలు, దసరా, దీపావళి, పెద్ద ముహూర్తాల రోజులు ధరలను పెంచుతాయి. మాఘమాసపు పెళ్లి ఫిబ్రవరి 14 దగ్గర పడితే గులాబీలను వదిలి చామంతికి మారడం తెలివైన పని.

వాసన, పుప్పొడి కూడా చూడాలి. మల్లె, సంపెంగ ఘాటు భోజనం వాసనతో కలిస్తే కొందరికి తల తిరుగుతుంది. వాటిని స్వాగతం పలికే టేబుల్‌కు కేటాయించండి. పెద్ద రెక్కల విదేశీ లిల్లీలు వాడితే మధ్యలోని కేసరాలను ముందే గిల్లేయించండి, వాటి పుప్పొడి పట్టుచీరకు అంటితే పోదు.

సంఖ్య ఇలా లెక్కించండి. 30 టేబుళ్లకు ఒక్కోదానికి 8 గులాబీలంటే 240. విరిగేవి, వాడిపోయేవి పదిశాతం కలిపితే 264. గులాబీలు 20 కాడల కట్టలుగా అమ్ముతారు కాబట్టి 14 కట్టలు కొనాలి. గెర్బెరా కట్టకు 10 కాడలు. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ లాంటి మార్కెట్‌కు స్వయంగా వెళ్లేవారు తెల్లవారుజామునే వెళ్లాలి. ఎండ ఎక్కిన తర్వాత మిగిలేవి ఇతరులు ఏరి వదిలేసిన పూలు.

ఇంటికి తెచ్చిన వెంటనే కాడలను ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తుంచి, శుభ్రమైన బకెట్‌లో మెడ దాకా నీళ్లు పోసి, నీడలో కనీసం నాలుగైదు గంటలు ఉంచాలి. పండ్ల బుట్ట పక్కన పెట్టవద్దు. మాగే పండ్ల వల్ల పూలు త్వరగా వాడతాయి.

7. నమూనా టేబుల్, ఒప్పందం

డెకరేటర్ చూపించే ఆల్బమ్‌కు డబ్బు ఇవ్వకండి. ఒక టేబుల్‌కు నమూనా వేయించండి, దానికి విడిగా అడిగినా ఇవ్వడం మేలు. మీ గుడ్డ పరిచి, ఎనిమిది కంచాలు, గ్లాసులు పెట్టి, ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫ్యాను పూర్తి వేగంతో తిప్పండి. టేబుల్‌ను మోకాలితో ఒకసారి గట్టిగా కదిపి చూడండి. నమూనాను అలాగే నాలుగు గంటలు ఉంచి మళ్లీ చూడండి, రాత్రి పదిగంటలకు మీ అతిథులు చూసేది ఆ రూపాన్నే.

నచ్చిన తర్వాత ఫోటో తీసి, దానితో పాటు ఈ విషయాలు కాగితం మీద రాయించుకోండి:

- పువ్వు పేరు, రంగు, టేబుల్‌కు ఎన్ని కాడలు. నిజమైన పూలా, ప్లాస్టిక్ పూలా.
- ఆ పువ్వు దొరకకపోతే బదులుగా ఏది వాడతారు.
- టేబుళ్లు పెరిగితే ఒక్కోదానికి ఎంత, తగ్గితే ఎంత తగ్గిస్తారు.
- అద్దె సామాను ఏది, పగిలినా పోయినా ఎంత కట్టాలి.
- పని పూర్తిచేసే సమయం, రాత్రి సామాను తీసుకెళ్లే సమయం, ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలి.

8. ఆ రోజు పని క్రమం

క్రమం తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

1. హాలు తుడిచి, టేబుళ్లు వాటి చోట్లలో వేసిన తర్వాతే గుడ్డలు పరచాలి.
2. పాత్రలు, స్టాండ్లు ఖాళీగా అన్ని టేబుళ్లకూ పెట్టి, దూరంగా నిలబడి వరుస సరిచూడాలి.
3. నీళ్లు పోయాలి, జాలీనో బోదెనో అమర్చాలి.
4. కాడల పూలు గుచ్చాలి.
5. అతిథులు రావడానికి అరగంట ముందు విడి పూలు, రెక్కలు వేయాలి.
6. బ్యాటరీ లైట్లు అన్నిటికంటే చివర వెలిగించాలి.

కుటుంబంలో ఒకరికి, వధూవరుల తోబుట్టువులకు కాకుండా బాబాయికో పిన్నికో, ఈ ఒక్క పని అప్పగించండి. వారి చేతిలో కత్తెర, టిష్యూలు, ఒక బకెట్ పూలు, రెండు అదనపు కూర్పులు ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి వారు ఒకసారి టేబుళ్లన్నీ తిరిగి, వాడిపోయినవి తీసేస్తే చాలు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

వేదిక అలంకరణను టేబుల్ మీద చిన్నగా చేయించడం. వేదిక మీది పూసల వేలాడింపులు, ఈకలు టేబుల్ మీదికి వస్తే కంచంలో రాలతాయి. వేదిక నుంచి ఒక్క రంగును మాత్రం తీసుకోండి.

పూలు సాయంత్రానికే తలలు వాల్చడం. కాడ చివర మరో అంగుళం ఏటవాలుగా కోసి, గంటసేపు మెడ దాకా నీళ్లలో ఉంచితే గులాబీలు చాలావరకు లేస్తాయి. లేవని పూలను తల దగ్గర కోసి ఉరులిలో తేల్చండి.

స్టాండు ఊగడం. అడుగున గులకరాళ్లో, ఇసుక సంచో వేయండి. అయినా ఊగితే పూలను తగ్గించకండి, స్టాండునే తీసేయండి. కిందపడిన గాజు మధ్య పిల్లలు తిరిగే పరిస్థితి రాకూడదు.

చివరి నిమిషంలో టేబుళ్లు పెరగడం. ఇది ప్రతి పెళ్లిలోనూ జరిగేదే. ఉన్న కూర్పులను విడదీసి పంచితే అన్నీ పలచబడతాయి. ముందే తెచ్చిన తమలపాకులను పళ్లెంలో గుండ్రంగా పేర్చి, మధ్యలో విడి చామంతులు పోస్తే ఐదు నిమిషాలలో టేబుల్ సిద్ధమవుతుంది.

ఆరుబయట లాన్‌లో రాత్రి విందు. లైట్లకు వచ్చే పురుగులు నీళ్ల ఉరులిలో పడతాయి. లాన్‌కు కుండీ మొక్కలే ఉత్తమం. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఎండలో కూర్పులను పొద్దు వాలకముందు బయటికి తేకూడదు.

10. ఫంక్షన్ అయిన తర్వాత

భోజనాలు ముగిసేసరికి బంధువులు పూలు అడుగుతారు. అద్దె పాత్రలున్న టేబుళ్ల దగ్గర పూలు మాత్రమే ఇచ్చి పాత్ర వెనక్కి తీసుకునేలా ఒక మనిషిని ఉంచండి. పది ఉరులులు కార్ల డిక్కీల్లోకి చేరాక ఫోన్లు చేసి అడగడం ఇబ్బంది.

ఉరులి నీళ్లను బకెట్‌లోకి వంచి చెట్లకు పోయించండి. ఫోమ్ దిమ్మెలను పూలతో కలపకుండా విడిగా చెత్తలో వేయించండి. బ్యాటరీ లైట్లను ఆర్పి, లెక్కపెట్టి ఒకే డబ్బాలో సర్దండి. డెకరేటర్ మనిషి సమక్షంలోనే అద్దె సామాను లెక్కపెట్టి, పగిలినవి ఫోటో తీసి, సంతకం తీసుకున్న తర్వాతే మిగతా సొమ్ము ఇవ్వండి.